తెచ్చినవాడే తీసుకెళ్ళాలి

నూకరత్నం ఇంట్లో నీళ్ళన్నీ చేప వైపు ఒరిగి ఉంటాయి. బిందెలో నీళ్ళు, చెంబులో నీళ్ళు, గ్లాసులో టీ, ఏవైనా సరే ముందుగదిలోని అద్దాల తొట్టి ఎటు ఉందో అటు ఎత్తుగా, ఇటు పల్లంగా నిలబడతాయి. బిందెని ఎలా తిప్పిపెట్టినా అంతే. అందుకని ఆమె ఏ పాత్రనీ నిండా పట్టదు. టీ తాగాలంటే తొట్టికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎదురుగా కూర్చుంటే టీ అవతలి అంచుకి పోయి పెదవికి అందదు. ఏడుపొస్తే కన్నీళ్ళు చెంపల మీదుగా కిందికి జారవు, తొట్టి ఎటుంటే అటు పక్కకి పోతాయి. ఇన్నేళ్ళలో అన్నీ అలవాటైపోయాయి.

ఆమె ఉండేది కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు వంతెన దిగాక రెండో సందులో. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషను తొట్టికి ఎదురుగా ఉంటుంది. చేప మూరెడు పొడవు, పండుమిరపకాయ రంగు. మూతి పైకి తిరిగి ఉంటుంది, దాని మీద రెండు మీసాలు. పొలుసులు ఎంత పెద్దవంటే ఒక్కొక్కదానిలో కిటికీ మొత్తం కనబడుతుంది. పొద్దస్తమానం నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. నూకరత్నం సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా తలెత్తి దాని నోటివైపు చూస్తుంది.

ఆ చేపని ఆమె భర్త ధర్మరాజు నోట్లో పెట్టుకుని తెచ్చాడు. ధర్మరాజు ఆమెకి మేనత్త కొడుకు, సరుకుల ఓడ మీద వంటవాడు. బోర్నియోలో ఒక నది సముద్రంలో కలిసేచోట ఓడ ఆగినప్పుడు ఈ చేపపిల్ల అతనికి దొరికింది. అప్పుడది చిటికెనవేలంత కూడా లేదు. ఆ జాతిలో తండ్రి చేపే పిల్లల్ని నోట్లో దాచుకుని పెంచుతుందని అక్కడివాళ్ళు చెబితే, తనూ అలాగే చేశాడు. రేవులో సంచులు వెతికేవాళ్ళు ఏమడిగినా తలూపాడు. గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్న భార్యతో కూడా ఒక్క మాట మాట్లాడకుండా, గిన్నె తెమ్మని సైగ చేసి, అందులోకి వంగి నోరు తెరిచాడు. ఎర్రగా ఒక నిప్పురవ్వ నీళ్ళలోకి జారింది.

ఆ తరవాతి ప్రయాణంలో ఓడ అతను లేకుండా తిరిగి వచ్చింది. ఎక్కడ దిగిపోయాడో తెలియదని ఓడవాళ్ళు చెప్పారు. చుట్టూ నీళ్ళున్నచోట మనిషి ఎక్కడ దిగుతాడని నూకరత్నం వాళ్ళని అడగలేదు. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో నీళ్ళు ఒరగడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం వన్యప్రాణుల శాఖ నుంచి సోమయాజులు అనే అధికారి వస్తాడు. అతని మాట ముందు వినబడుతుంది, పెదాలు తరవాత కదులుతాయి. మాట ప్రభుత్వానిది, పెదాలు అతనివి కాబట్టి అలా ఉంటుందనుకుంటుంది నూకరత్నం. మంచినీళ్ళిస్తే, గ్లాసులో నీళ్ళు ఒరిగి ఉండడం చూసి కూడా ఏమీ అనకుండా తొట్టికి వీపు తిప్పి తాగుతాడు. సంగతి తెలిసిన మనిషిలాగే ఉన్నాడని ఆమెకి అనిపిస్తుంది.

ఈ చేప ఇంట్లో ఉండకూడదని అతను నెమ్మదిగా చెబుతాడు. ఈ జాతి దాని నదుల్లో దాదాపు అయిపోయింది. అందుకని దేశాలన్నీ కూడబలుక్కుని కట్టడి పెట్టుకున్నాయి. చెరువుల్లో పెంచినవాటికైతే ఒంట్లో జీలకర్ర గింజంత గుర్తు పెట్టి, అటు దేశమూ ఇటు దేశమూ ఒప్పుకున్నాక పంపిస్తారు. ఇళ్ళలో ముందే ఉన్నవాటి సంగతి చెప్పుకోవడానికి గడువు ఇచ్చారు గానీ, తెచ్చినవాళ్ళే వచ్చి చెప్పుకోవాలి. ఆ గడువు కూడా దాటిపోయింది.

అంతా చెప్పి, గుర్తు ఉందేమో చూడటానికి అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి తీసి తొట్టి అద్దం మీద పెడతాడు. యంత్రం పలకదు. దాన్ని వెనక్కి తీసుకుంటుండగా నూకరత్నం భుజం దగ్గర చిన్నగా కూత పెడుతుంది. మళ్ళీ పెట్టి చూస్తాడు. మళ్ళీ కూస్తుంది.

"గుర్తు మీలో ఉందమ్మా," అంటాడు సోమయాజులు. "మిమ్మల్ని ఎవరన్నా ఇంట్లో ఉంచుకోవచ్చు. చట్టం అడ్డురాదు."

"నన్నెవరుంచుకుంటారండి?"

"అది మా శాఖ చూడదమ్మా."

చేపని ఏం చేస్తారని ఆమె అడుగుతుంది. తాము ముట్టుకోకూడదనీ, తెచ్చినవాళ్ళే తీసుకెళ్ళాలనీ, ఎలా తెచ్చారో అలాగే తీసుకెళ్ళాలనీ అతను చెబుతాడు.

"తెచ్చినాయన లేరండి."

"తెలుసమ్మా. కబురు పంపేం."

"ఎక్కడికండి?"

"ఆయన ఉన్నచోటికి."

ఆ చోటెక్కడో చెప్పమని నూకరత్నం మిషను అంచు పట్టుకుని అడుగుతుంది. చెప్పగలిగితే ఈపాటికి చెప్పేవాణ్ణని అతని గొంతు అంటుంది. కబురు మాత్రం తప్పకుండా అందుతుందట. పెదాలు ఆ మాటలన్నీ అతను గుమ్మం దాటి, సందు మలుపు తిరిగేవరకూ కదుపుతూనే ఉంటాయి.

ధర్మరాజు గురువారం పొద్దున వస్తాడు. నూకరత్నం వీధిగుమ్మంలో నీళ్ళు చల్లుతుంటే ఎదురుగా నిలబడి ఉంటాడు. వంటగదిలో కట్టుకునే తెల్లగుడ్డ నడుముకి అలాగే ఉంది. తడిసి ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకుందామె. తడి లేదు. ఎంత పొడిగా ఉన్నాడంటే, చొక్కా చెయ్యి పట్టుకుంటే ఉప్పు రాలుతుంది. చేతిలోని బకెట్టులోకి చూసుకుంటుంది. నీళ్ళు సమంగా ఉన్నాయి, ఎటూ ఒరిగిలేవు. కన్నీళ్ళు తిన్నగా కిందికి జారి గడ్డం మీంచి బకెట్టులో పడతాయి.

"బావా," అంటుంది.

ధర్మరాజు నోరు తెరుస్తాడు గానీ మాట రాదు. కాసేపటికి, "చేప బాగుందా?" అంటాడు.

అతన్ని రానిచ్చింది చేప కోసమే కాబట్టి చేప గురించి తప్ప ఇంకేం మాట్లాడడానికీ వీల్లేదని ఆమెకి మెల్లగా అర్థమవుతుంది. ఎక్కడున్నావని అడిగితే నేలచూపులు చూస్తాడు. ఆకలేస్తోందా అంటే చేతులు నలుపుకుంటాడు. నన్ను తలుచుకున్నావా అంటే అతని మొహం అంతా ఆ జవాబుతో నిండిపోతుంది గానీ జవాబు బయటికి రాదు. చేపకి ఏం మేత పెడుతున్నావని మాత్రం స్పష్టంగా అడుగుతాడు. రొయ్యపిల్లలని చెబుతుంది. తలలు తీసి పెట్టమంటాడు. ఇంట్లో మగమనిషి గొంతు వినబడి ఎన్నేళ్ళయిందో. రొయ్యల తలల గురించి ఆ రోజంతా అడుగుతూనే ఉంటుందామె.

ఓడ సోమవారం వస్తుందని సోమయాజులు కబురు పంపిస్తాడు. చేపతో పాటు ధర్మరాజూ ఎక్కాలి.

నూకరత్నం రహస్యం కనిపెడుతుంది. ఏ మాటయినా చేపని ముందు పెట్టి అడిగితే అతను చెప్పగలడు. మిషను ముందు కూర్చుని, తలెత్తకుండా, బొత్తాం కుడుతూ అడుగుతుంది.

"ఈ చేపని ఎవరికోసం తెచ్చేవు బావా?"

ధర్మరాజు మొహం తేటపడుతుంది. చేప ప్రశ్నే కాబట్టి దారి దొరికింది.

"ఒక మనిషి కోసం తెచ్చేను. ఆ మనిషి పొద్దున్నించీ మిషను మీద వంగే కూచుంటది. ఎదురుగా కదిలేది ఏదన్నా ఉంటే, అప్పుడప్పుడన్నా తలెత్తుద్ది కదా అని."

సూది వేలికి గుచ్చుకుంటుంది. ఆమె తలెత్తి, చేపని కాదు, అతన్ని చూస్తుంది.

ఆదివారం సాయంత్రం నూకరత్నం చేపని దాచేస్తుంది. బీరువాలోంచి ఎర్ర పట్టుచీర తీసి, మడత విప్పి, తొట్టిలోంచి చేపని రెండు చేతులా ఎత్తి మడతల మధ్య పడుకోబెడుతుంది. అంత పట్టులో ఒక చేపకి సరిపడా నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. చేప అంచు వెంబడి కొంగు దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. బీరువా తాళం వేసి, తాళంచెవి జాకెట్టులో పెట్టుకుంటుంది. చేప లేనిదే అతను ఓడ ఎక్కడానికి లేదు. ఎక్కకపోతే ఇక్కడే ఉంటాడు. అంతకు మించి ఆలోచించదు.

సోమవారం ఓడ వచ్చి, చూసి, వెళ్ళిపోతుంది.

ధర్మరాజు కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఖాళీ తొట్టిని చూసి "చేప ఏది?" అంటాడు. వస్తుందిలే అంటుందామె. మర్నాడు మళ్ళీ అడుగుతాడు. అడగడానికి అతనికి ఉన్నది ఆ ఒక్క మాటే. చుట్టాలింటికి వచ్చినవాడిలా మొహమాటంగా మంచం కిందా, నీళ్ళగదిలో తూము దగ్గరా వంగి వెతుకుతాడు. వెతికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంటాడు. నూకరత్నం అతనికి ఇష్టమని మెత్తళ్ళ పులుసు వండి ముందు పెడుతుంది. పళ్ళెం వైపు చూస్తాడు, ఆమె వైపు చూస్తాడు. పులుసు మీద ఆవిరి అతని మొహం దాకా పోయి పక్కకి తప్పుకుంటుంది.

రోజులు గడుస్తాయి. మొదట అతని అడుగుల చప్పుడు పోతుంది. తరవాత ఒంటిమీది ఇంగువ వాసన పోతుంది. ఒక మధ్యాహ్నం ఆమె కత్తెర కోసం చూస్తుంటే, కుర్చీ వైరు అల్లిక అతని చొక్కాలోంచి గళ్ళుగళ్ళుగా కనబడుతుంది. బిందెలో నీళ్ళు సమంగానే ఉన్నాయి గానీ పొద్దుటికీ సాయంత్రానికీ తగ్గిపోతున్నాయి. "చేప ఏది" అన్న మాటలో "ఏది" ముందు పోతుంది. తరవాత "చేప" కూడా సగమే వినబడుతుంది.

బీరువా తీసి చూస్తే చీర మునుపటికన్నా ఎర్రగా ఉంది. చేప తెల్లబడింది. మడతలో ఒక పక్కకి పడుకుని, నోరు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉంది.

ఆ సాయంత్రం సోమయాజులు వస్తాడు. నూకరత్నం తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. అతను ఏమీ వెతకడు. అరుగు మీద కూర్చుంటాడు. ఇవాళ అతని మాటా పెదాలూ కలిసే ఉన్నాయి.

"మా ఇంట్లోనూ తొట్టి ఉండేదమ్మా. ఇప్పుడు ఖాళీదే. సాయంత్రమయితే అందులో లైటు వేసుకుని కూచుంటాను."

నూకరత్నం గుమ్మం వదలదు.

"చట్టమంటే జనం ఏదేదో అనుకుంటారు. జరిగేది ఇంతే. ఒక్కొక్కరూ ఒక్కటే ఉంచుకుంటారు. ప్రేమతోనే ఉంచుకుంటారమ్మా, ప్రేమ లేనివాడు ఎవడూ ఉంచుకోడు. అలా ఇంటికొకటి చొప్పున ఉంచుకోగా, అక్కడ నది ఖాళీ అయిపోద్ది. ఇక్కడ ఉన్నదేమో ఇంట్లో ఉన్నకొద్దీ తగ్గిపోద్ది. చివరికి అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు."

"మీరు చెప్పేది చేప సంగతేనాండి?"

"నాకు చేపల మీదే అధికారం ఉందమ్మా."

ఆమె అరుగు మీద కాస్త దూరంగా కూర్చుంటుంది. ధర్మరాజు ఉండే చోట ఇంకెవరన్నా ఉంటారా, అతను కనబడకపోతే అక్కడ ఎవరన్నా వెతుక్కుంటారా అని అడుగుతుంది. ఆ ఆలోచన ఆమెకి ఇంతకుముందు రాలేదు. తనకి తెలియదంటాడు సోమయాజులు. వంటవాడు కదమ్మా, ఎంతో కొంతమంది తినేవాళ్ళు ఉండే ఉంటారని మాత్రం అంటాడు. రేపు పొద్దున ఓడ మళ్ళీ వస్తుందని చెప్పి లేస్తాడు.

అతను వెళ్ళాక నూకరత్నం బీరువా తీస్తుంది. చీరతో సహా చేపని ఎత్తుకుని వచ్చి ధర్మరాజు ఒళ్ళో పెడుతుంది. ఒళ్ళో బరువు పడగానే అతని చొక్కాకి తెలుపు వస్తుంది, కుర్చీ అల్లిక కనబడటం మానేస్తుంది. చీరలోని ఎరుపు నెమ్మదిగా చేపలోకి తిరిగి వెళ్తుంది. ఆమె నేల మీద అతని మోకాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఇంక అడగడానికి పెద్దగా సమయం లేదు. చేప నోట్లోకి వెళ్తే అతను మాట్లాడలేడు.

"బావా, అప్పుడు దీన్ని నోట్లో పెట్టుకుని వచ్చేవు కదా. దారిపొడుగునా మాట్లాడలేదు. గుమ్మంలో నన్ను చూసీ మాట్లాడలేదు. అప్పుడు నాతో చెప్పాలనుకున్న మాటలు ఏం చేసేవు?"

ధర్మరాజు ఆలోచిస్తాడు. ఇది చేప సంగతా కాదా అని లోపల ఎవరినో అడిగి వచ్చినట్టు కాసేపు ఆగి, చెబుతాడు.

"దీనికి మేత లేదు కదా దారిలో. నోటికి వచ్చిన మాట వచ్చినట్టు ఇదే తినేసింది. అదే తిని పెరిగింది."

నూకరత్నం చేప మొహం వైపు చూస్తుంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. తెరుస్తోంది, మూస్తోంది. ఇన్నేళ్ళూ, సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా తను చూస్తూనే ఉంది. అద్దం అవతల అన్నీ చెబుతూనే ఉంది అది. ఆమె వంగి చెవి ఆ మూతికి ఆనించి పెడుతుంది. చల్లగా, తడిగా, ఒకదాని తరవాత ఒకటి, చప్పుడు లేని మాటలు చెవిలోకి వచ్చి పగిలిపోతాయి. ఒక్కటీ అర్థం కాదు. అయినా అన్నీ అయ్యేవరకూ వింటుంది. ధర్మరాజు ఆమె జుట్టు మీద చెయ్యి వేద్దామని ఎత్తి, వెయ్యడానికి అధికారం లేక, ఆ చేత్తో చేప వీపు నిమురుతాడు.

తెల్లవారాక అతను నోరు తెరుస్తాడు. మూరెడు చేప అతని నోట్లోకి నెమ్మదిగా, తన గదిలోకి తను వెళ్తున్నట్టు వెళ్తుంది. తల, వీపు, చివరికి తోక. పెదాలు మూసుకున్నాక అతని రెండు చెంపల్లోంచీ ఎర్రటి వెలుగు బయటికి వస్తుంది. ఇద్దరూ వంతెన ఎక్కి రేవు వైపు నడుస్తారు. ఎదురైన వాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇస్తారు. వంతెన మీద కోడిగుడ్ల సైకిలు ఆపుకున్న ముసలాయన, నూకరత్నాన్ని ఎరిగినవాడే, మీ ఆయనా అని అడుగుతాడు. అవునంటుంది.

కాకినాడలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటాయి. ఇవాళ మాత్రం ఓడ ఒడ్డుకి ఆనుకుని నిలబడి ఉంది. దాని మీద నిండా మనుషులు. ఎవరూ మాట్లాడరు. ఒకరి చెంపల్లో పచ్చటి వెలుగు, ఒకరి చెంపల్లో నీలం, ఇంకొకరికి బంగారం రంగు. మెట్ల దగ్గర సోమయాజులు నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తున్నాడు.

మెట్టు మీద కాలు పెట్టి ధర్మరాజు వెనక్కి తిరుగుతాడు. నూకరత్నం అతని చెంప మీద అరచెయ్యి ఆనిస్తుంది. లోపల చేప కదిలి, ఆ చోటికే వచ్చి ఆగుతుంది.

"జాగ్రత్తగా తీసుకెళ్ళు," అంటుంది. "రొయ్యల తలలు తీసి పెట్టు."

అతను తలూపుతాడు.

ఓడ కదులుతుంది. ఓడతోపాటు సముద్రం కూడా వెళ్తుంది. నిద్రపోతున్నవాళ్ళ మీంచి దుప్పటి లాగినట్టు, చప్పుడు లేకుండా, అంచు నుంచి అంచుదాకా వెళ్ళిపోతుంది. రేవుకి ఎదురుగా ఉండే హోప్ ఐలాండ్ ఎత్తయిన మట్టిదిబ్బలా మిగులుతుంది. దాని వెనక ఓడ వెలుగులు సన్నబడి ఆరిపోతాయి. సోమయాజులు ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోతాడు.

కిందంతా తడిసిన బూడిదరంగు నేల. ఆ నేల మీద, కనుచూపు మేర, పొయ్యిలు మండుతున్నాయి. ఒక్కో పొయ్యి మీద ఒక్కో గిన్నె. అన్నాలు పొంగి, మూతలు లేచి పడుతూ, గంజి కారి నిప్పుల్లో చుయ్యిమంటోంది. వండేవాడు మధ్యలో లేచి వెళ్ళినట్టు, దగ్గర ఎవరూ లేరు.

నూకరత్నం కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఆ నేల మీదికి దిగుతుంది. మొదటి పొయ్యి దగ్గర కూర్చుని ఒక కట్టె వెనక్కి లాగుతుంది. కొంగుతో మూత తీసి, ఒక మెతుకు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూస్తుంది.

లోపల ఇంకా పలుకు ఉంది. మూత వారగా పెట్టి, పక్కన కూర్చుంటుంది.